పుట్టింటి వైపు చూసే ఏనుగు

ఇస్తాంబుల్‌లో పుట్టి, పదేళ్లకే దేశం పోగొట్టుకుని, హైదరాబాద్‌కు కోడలై వచ్చిన ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్ కథ ఇది. దారిలో జపాన్ రాకుమార్తెలు ముగ్గురు కలుస్తారు. బయలుదేరేది మాత్రం తిరుత్తణి కొండ మీది నుంచి.

తిరుత్తణి కొండకు మెట్లు 365. ఏడాదికెన్ని రోజులో అన్ని. డిసెంబరు 31న ఒక్కో మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, పాడుకుంటూ ఎక్కుతారు. చిన్నప్పుడు మా అవ్వ చెయ్యి పట్టుకుని ఎక్కినవాణ్ణి. మెట్ల లెక్క ఎప్పుడూ మధ్యలోనే తప్పేది గానీ, పైన గుడిలో ఒక ఏనుగు మాత్రం నాకు గుర్తుండిపోయింది. ఏ గుడిలోనైనా వాహనం స్వామినే చూస్తుంటుంది. నంది శివుడి మీది నుంచి కళ్లు తిప్పదు. గరుత్మంతుడు చేతులు జోడించి ఎదురుగా నిలబడతాడు. తిరుత్తణి ఏనుగు మాత్రం స్వామిని వదిలేసి తూర్పుకు తిరిగి ఉంటుంది.

“అదెందుకవ్వా అట్లా తిరిగుండాది?” అని అడిగాను.

“దానికీ పుట్టిల్లుండాది గదరా,” అంది అవ్వ.

కథ ఇదీ. ఇంద్రుడు తన కూతురు దేవసేనను సుబ్రహ్మణ్యస్వామికిచ్చి పెళ్లి చేశాడు. మామూలు మామగారైతే పట్టుచీరలో, బిందెలో ఇస్తాడు. ఈయన దేవతల రాజు కదా, ఐరావతాన్నే సారెగా పంపాడు. ఏనుగు వెళ్లిపోయాక అమరావతిలో కళ తప్పింది, సిరి తరిగింది. సంగతి తెలిసి అల్లుడు మంచి మనసుతో ‘మీ ఏనుగును మీరే తీసుకోండి మామా’ అన్నాడు. ఇచ్చిన సారె వెనక్కి తీసుకుంటే పరువేముంటుంది? ఇంద్రుడు ఒప్పుకోలేదు. ‘అది మా వైపు చూస్తూ ఉంటే చాలు’ అన్నాడట. అప్పటి నుంచి ఐరావతం తూర్పుకు చూస్తోంది. ఆ సారెలోనే ఒక గంధపు సాన కూడా వచ్చిందంటారు. దాని మీద తీసిన గంధమే స్వామికి పూస్తారు. ఆ గంధం నీళ్లలో కలుపుకుని తాగితే రోగాలు పోతాయని మా వైపు నమ్మకం.

అక్కడి నుంచి అరక్కోణం మీదుగా రైల్లో తిరువళ్లూరు వెళితే వీరరాఘవస్వామి గుడిలో ఇంకో రాకుమార్తె కథ వింటాం. ధర్మసేనుడనే రాజుకు వసుమతి అనే కూతురు. స్వామి వీరనారాయణుడనే రాజకుమారుడి వేషంలో వచ్చి ఆమెను పెళ్లాడాడు. కనకవల్లి తాయారు ఆమే. సాలిహోత్ర మహర్షిని ‘ఎక్కడ పడుకోను?’ అని అడిగి, ఆయన చూపిన చోటే శయనించిన స్వామి కదా, ఆ ఊళ్లోనే ఉండిపోయాడు. ఇల్లరికపు అల్లుడని మా తాత వేళాకోళం చేసేవాడు. అవ్వ లెంపలేసుకునేది.

ఇద్దరు రాకుమార్తెలు, రెండు రకాల పెళ్లిళ్లు. ఒకామె పుట్టిన ఊరు దాటలేదు. ఇంకొకామె దాటింది గానీ, పుట్టింటి ఏనుగునూ సానరాయినీ వెంట తెచ్చుకుంది. ఈ కథలు అల్లినవాళ్లెవరో గానీ, ఆడపిల్ల పెళ్లిలో అసలు ప్రశ్న ఏమిటో వాళ్లకు బాగా తెలుసు. వెళ్లిన చోటు ఎలాగూ ఉంటుంది. వచ్చిన చోటు ఏమవుతుందనేదే సంగతి.

మా అవ్వకు ఆ సంగతి మరీ బాగా తెలుసు. ఆమె పుట్టిల్లు సత్యవేడు పక్కన, అత్తిల్లు తిరుత్తణి పక్కన. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాతో పాటు ఆంధ్రలో ఉంది, సత్యవేడు చెంగల్పట్టు జిల్లాలో, అంటే మద్రాసులో ఉంది. తిరుత్తణి మాదేనని మ.పొ. శివజ్ఞానం లాంటి తమిళ నాయకులు ఉద్యమం చేశారు. పటాస్కర్ మధ్యవర్తిగా వచ్చారు, చట్టం చేశారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసుకు వెళ్లింది, సత్యవేడు ఆంధ్రకు వచ్చింది. ఏప్రిల్ ఒకటో తేదీ అనేసరికి మా తాత మొదట నమ్మలేదట. అవ్వ కాలు కదపకుండానే ఆమె పుట్టిల్లూ అత్తిల్లూ రాష్ట్రాలు మార్చుకున్నాయి. అప్పుడూ ఇప్పుడూ మధ్యలో గీత ఉండనే ఉంది. అయితే ఆ గీత మీద బస్సు తిరిగేది. సంక్రాంతికి వెళ్లి రావడాన్ని ఏ చట్టమూ ఆపలేదు.

ఆపిన చట్టం ఒకటి ఉంది. దాని కిందపడి నలిగిన పిల్లే మన కథానాయిక.

రాజుకు తగిన ముత్యం

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో పురానీ హవేలీ దగ్గర ఒక ఆస్పత్రి బోర్డు మీద ఆమె పేరు మొదటిసారి చదివాను. దుర్రు షెహ్వార్. నాలుక తిరగలేదు. ఆటో ఆయన్ను అడిగితే ‘ఎవరో రాణీగారు’ అన్నాడు. తర్వాత తెలిసింది, రాణి కాదు, కాలేకపోయింది. నిజాం పెద్ద కోడలు. ఆ పేరుకు అర్థం రాజుకు తగిన ముత్యం. ముత్యాలకు పేరుపడ్డ ఊరికే కోడలైంది మరి. నిజాం ఆమెకు ఇచ్చిన బిరుదు కూడా దుర్దానా బేగం, అదీ ముత్యమే.

1914 జనవరిలో ఇస్తాంబుల్‌లో పుట్టింది. తండ్రి అబ్దుల్ మజీద్ ఒట్టోమన్ రాజకుటుంబీకుడు. ఆరు వందల ఏళ్లు ఏలిన వంశం. ఆయనకు కత్తి కన్నా కుంచె ఇష్టం. అంతఃపురంలో ఆడవాళ్లు బీథోవెన్ సంగీతం వాయిస్తున్నట్టు ఆయన గీసిన చిత్రం నేటికీ పేరున్నదే. 1922 నవంబరులో టర్కీ కొత్త ప్రభుత్వం సుల్తాను పదవిని రద్దు చేసింది. ఖలీఫా పదవిని మాత్రం ఉంచి, దానికి ఈయన్ను ఎన్నుకుంది. రాజ్యం లేదు, సైన్యం లేదు. ప్రపంచ ముస్లింలకు పెద్ద అనే గౌరవం ఒక్కటే మిగిలింది.

అదీ పదహారు నెలలే. 1924 మార్చి 3న అంకారా శాసనసభ ఖలీఫా పదవిని కూడా రద్దు చేసి, ఒట్టోమన్ వంశం వాళ్లంతా దేశం విడిచి పోవాలని చట్టం చేసింది. ఆ రాత్రే దోల్మాబాచే రాజభవనానికి అధికారులు వచ్చారు. తెల్లవారక ముందే ఖలీఫానూ కుటుంబాన్నీ కార్లలో ఎక్కించి ఊరి బయటి చతాల్జా స్టేషనుకు తీసుకెళ్లారు. నగరంలోని పెద్ద స్టేషన్లో అయితే జనం పోగవుతారని భయం. రైలు వచ్చేదాకా ఆ చిన్న స్టేషన్లో కూర్చున్నారు. స్టేషన్ మాస్టరు యూదుడు. ఇంట్లోంచి టీ తెప్పించి ఇచ్చాడట. స్పెయిన్ తరిమేసినప్పుడు మా పూర్వీకులకు చోటిచ్చింది మీ వంశమే, ఇవాళ మీకు ఈ మాత్రం చేయగలగడం మా భాగ్యం అన్నాడట. అప్పటిదాకా బిగబట్టుకున్న ఖలీఫా కళ్లు అక్కడ తడిశాయని ఆయన కార్యదర్శి రాసిపెట్టాడు. పక్కన కూర్చున్న కూతురికి పదేళ్లు.

ముందు స్విట్జర్లాండు, తర్వాత ఫ్రాన్సు దక్షిణ తీరంలోని నీస్. చేతిలో డబ్బు లేదు. హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ నెలకు మూడు వందల పౌండ్లు పంపే ఏర్పాటు చేశాడు. చిరుగుల షేర్వానీ వేసుకుంటాడనీ, కాల్చి పారేసిన సిగరెట్ పీకలూ వదలడనీ చెప్పుకునే నిజాం ఇదే నిజాం. పిసినారి చెయ్యి కూడా అప్పుడప్పుడు జారుతుంది, జారే చోటు దానికి తెలుసు.

పెళ్లి మాట కలిపింది ఖిలాఫత్ ఉద్యమ నాయకుడు షౌకత్ అలీ. డబ్బున్న ఇంటికి వంశం కావాలి, వంశమున్న ఇంటికి డబ్బు కావాలి. మన ఊళ్లలో పెళ్లిళ్ల పేరయ్య చూసే లెక్కే ఇది. కాకపోతే ఇంగ్లీషువాళ్లకు నిద్ర పట్టనంత లెక్క. ఖలీఫా రక్తమూ నిజాం ఖజానా ఒకే మనవడిలో కలిస్తే రేపు ఏమవుతుందోనని వాళ్ల అనుమానం. 1931 నవంబరు 12న నీస్‌లో నికా జరిగింది. నిజాం పెద్ద కొడుకు ఆజం జాహ్‌తో దుర్రు షెహ్వార్‌కు, రెండో కొడుకు మొఅజ్జం జాహ్‌తో ఆ వంశపు పిల్లే అయిన నీలోఫర్‌కు. పెద్దామెకు పదిహేడు నిండి పద్దెనిమిదో ఏడు నడుస్తోంది. చిన్నామెకు పదహారు నిండలేదు.

ఓడలో గాంధీ

ఆ కొత్త జంటలు ఇండియాకు వచ్చిన ఓడ పేరు పిల్స్నా. వెనిస్‌లో బయలుదేరి బ్రిండిసిలో ఆగింది. అక్కడ డిసెంబరు 14న ఇంకో ప్రయాణికుడు ఎక్కారు. రౌండ్ టేబుల్ సమావేశం నుంచి వట్టి చేతులతో తిరిగి వస్తున్న గాంధీ. డెక్కు మీద నూలు వడుకుతూ కూర్చున్న మనిషి.

నాకు ఈ కథ మొత్తంలో ఎప్పటికీ వదలని దృశ్యం ఇదే. పదేళ్ల కింద ఖలీఫా పదవిని నిలబెట్టమని ఇంగ్లీషువాళ్ల మీద దేశాన్నంతా కదిలించిన మనిషి ఆయన. దానికోసం మన కోస్తా ఊళ్లలో కూడా హిందువులూ ముస్లింలూ కలిసి ఊరేగారు, జైళ్లకు వెళ్లారు. చివరికి ఆ పదవిని తీసేసింది ఇంగ్లీషువాళ్లు కాదు, టర్కీవాళ్లే. ఇప్పుడు ఆ ఆఖరి ఖలీఫా కూతురు అదే ఓడలో కోడలిగా వస్తోంది. డిసెంబరు 28న బొంబాయిలో దిగారు. వారం తిరగకుండానే, జనవరి 4న ఆయన్ను జైలుకు తీసుకెళ్లారు. ఆమెను హైదరాబాద్‌కు తీసుకెళ్లారు.

అక్కడ ఆమె ఇల్లు బెల్లా విస్టా. ఇప్పుడు అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉన్న భవనం అదే. ఉర్దూ నేర్చుకుంది. పరదా కట్టకుండానే సభలకు వెళ్లింది. ఆడపిల్లలు చదవాలనీ తమ కాళ్ల మీద తాము నిలబడాలనీ నమ్మిన మనిషి. యాకుత్‌పురాలో ఆమె పేరుతో ఆడపిల్లల కాలేజీ, పురానీ హవేలీలో పిల్లల ఆస్పత్రి అలా వచ్చినవే. మనిషి బాగా పొడగరి, భర్త పొట్టి. విందుల్లో కోడలు తన కొడుకు కన్నా ఎంత పొడుగో అందరికీ చూపించి మామగారు మురిసిపోయేవాడంటారు. ఆ కొడుక్కి ఎలా ఉండేదో ఎవరూ రాయలేదు.

ఒక మాట చెప్పకుండా దాటలేను. బెల్లా విస్టాలో దీపాలు వెలిగిన ఆ రోజుల్లోనే జాగీరు ఊళ్లలో మన వాళ్లు వెట్టి చేస్తున్నారు. దొరసాని పల్లకి మోసేవాళ్లకు ఇస్తాంబుల్ తెలియదు. ఫోటోల్లో అందం చూసి మురిసే వ్యాసాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి, ఇంకొకటి రాయడం నా ఉద్దేశం కాదు. ఆ సంపద ఎక్కడి నుంచి వచ్చిందో ఆమె అడిగిందా అంటే, అడిగిన దాఖలా నాకు కనిపించలేదు. కానీ ఆ సంపద మధ్య కూర్చుని కొడుకుల విషయంలో ఆమె చేసిన పని వేరు.

పెద్ద కొడుకు ముకర్రం 1933 అక్టోబరులో పుట్టాడు. హైదరాబాద్‌లో కాదు, నీస్‌లో, పుట్టింట్లో. రెండో కొడుకు ముఫఖం 1939లో, అదీ నీస్‌లోనే. కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆచారం మనది కదా, ఆమె కూడా పాటించింది. అద్దె దేశంలో ఉన్నా అమ్మా నాన్నా ఉన్నచోటే పుట్టిల్లు. పిల్లల్ని మాత్రం మహలు గోడల మధ్య పెంచనివ్వలేదు. పెద్దవాణ్ణి డూన్ స్కూలుకు, తర్వాత ఇంగ్లండులో హారోకు, కేంబ్రిడ్జికి పంపారు. తాతకు కొడుకుల మీద నమ్మకం పోయింది, మనవడి మీద నిలిచింది. ఆజం జాహ్‌ను దాటేసి ముకర్రంనే వారసుడిని చేశాడు. అలా ఆమె నిజాం కోడలూ, నిజాం తల్లీ అయింది గానీ నిజాం భార్య కాలేదు.

నీలోఫర్ కథ వేరు. ఈ పేరు తెలియని తెలుగువాళ్లు లేరు. సగం మందికి ఆస్పత్రిగా, మిగతా సగానికి ఆ ఆస్పత్రి పక్కన పుట్టిన చాయ్‌గా. ఆమెకు పిల్లలు కలగలేదు. ఆమె దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో చనిపోయింది, ఆ దుఃఖంలోంచే తల్లులకూ పిల్లలకూ ఆస్పత్రి కావాలనే పట్టుదల పుట్టిందని చెప్పుకుంటారు. 1953లో రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆస్పత్రి మొదలయ్యేనాటికి ఆమె ఇక్కడ లేదు. భర్త ఇంకో పెళ్లి చేసుకున్నాడు, 1952లో విడాకులయ్యాయి, ప్యారిస్‌లో తల్లి దగ్గర ఉండిపోయింది. తల్లి కాలేకపోయిందని అత్తింట్లో మాట పడ్డ మనిషి పేరు మీద లక్షల కాన్పులు జరిగాయి. ఆ బోర్డు మీద ఇంకో పేరు పెట్టాలని ఎవరికీ తోచకపోవడం మన అదృష్టం.

ఇంటిపేరు లేని ఇల్లు

ఇక్కడ కాసేపు ఐరావతం చూసే దిక్కుకే, ఇంకా తూర్పుకు, జపాన్‌కు వెళదాం. ప్రపంచంలో ఇంకా ‘చక్రవర్తి’ అనే పిలుపు మిగిలిన రాజవంశం అదొక్కటే. ఆ ఇంటికి ఇంటిపేరు ఉండదు. 1947 నాటి రాజకుటుంబ చట్టం 12వ నిబంధన ప్రకారం బయటివాణ్ణి పెళ్లి చేసుకున్న రాకుమార్తె ఆ క్షణం నుంచి రాజకుటుంబం మనిషి కాదు. రాజవంశపు వంశావళిలోంచి ఆమె పేరు తప్పించి, మామూలు పౌరుల పట్టికలో రాస్తారు. పుట్టాక మొదటిసారి ఆమెకు ఒక ఇంటిపేరు వస్తుంది. మగపిల్లాడు ఎవరిని చేసుకున్నా రాజకుటుంబీకుడే.

2005 నవంబరు 15న చక్రవర్తి అకిహితో ఒక్కగానొక్క కూతురు సయాకో, టోక్యో నగర ప్రభుత్వంలో ఉద్యోగం చేసే కురోదాను పెళ్లాడింది. అప్పటికి ముప్ఫయ్యారేళ్లు. లకుముకి పిట్టల మీద పరిశోధన చేసిన మనిషి. పెళ్లికి ముందు కారు నడపడం, బజారుకు వెళ్లి సరుకులు కొనడం నేర్చుకుంది. గౌరవం నిలుపుకోవడానికని ప్రభుత్వం 15 కోట్ల 25 లక్షల యెన్లు ఇచ్చింది. సారె అన్నమాట. అదే సారె 2021లో ఆమె మేనకోడలు మాకోకు వద్దనిపించింది. చదువుకునే రోజుల్లో ఇష్టపడ్డ కొమురో కుటుంబంలో ఏదో అప్పు గొడవ ఉందని పత్రికలు నాలుగేళ్లు వాయించాయి. ఆమె మనసుకు గాయమై జబ్బుపడ్డ సంగతి రాజభవనమే ప్రకటించాల్సి వచ్చింది. అక్టోబరు 26న తంతు లేదు, విందు లేదు, డబ్బు లేదు. కాగితాలు దాఖలు చేసి పెళ్లయిందనిపించారు. కొన్నాళ్లకు పాస్‌పోర్టు తీసుకుని న్యూయార్క్ వెళ్లిపోయింది.

అయినా వీళ్లు ఇష్టపడి గడప దాటినవాళ్లు. తలుపు మూసుకున్నా అవతల అమ్మా నాన్నా ఉన్నారు, ఫోను ఉంది. దుర్రు షెహ్వార్‌కూ నీలోఫర్‌కూ నిజమైన జత మూడో ఆమె. 1916లో ఒక ఉదయం మసాకో నషిమోతో అనే పద్నాలుగేళ్ల రాకుమార్తె పత్రిక తెరిచి చూస్తే అందులో తన పెళ్లి కబురు ఉంది. వరుడు కొరియా యువరాజు. జపాన్ కొరియాను మింగేసి ఆరేళ్లయింది, మింగింది అరగడానికి ఈ పెళ్లి. 1920లో పెళ్లయింది. తొలి కొడుకును తొమ్మిది నెలల బిడ్డగా 1922లో సియోల్‌కు తీసుకెళితే అక్కడే చనిపోయాడు. విషం పెట్టారనే అనుమానం ఆమెను వదల్లేదు. 1945లో యుద్ధం ఓడాక జపాన్ ఆమెను రాచరికం నుంచి తీసేసింది, కొరియా వెంటనే రానివ్వలేదు. రెండు ఇళ్లకూ కాకుండా పోయింది. 1963లో మంచం పట్టిన భర్తతో సియోల్ చేరింది. ఆయన పోయాక కూడా జపాన్‌కు తిరిగి పోలేదు. యీ బాంగ్జా అనే పేరుతో వికలాంగ పిల్లల కోసం పనిచేసింది. తన జాతిని ద్వేషించే నేల మీద ఆ జాతి మనిషి ఆ పిల్లల అమ్మ అనిపించుకోవడం చిన్న విషయం కాదు.

1989 ఏప్రిల్ 30న ఆమె సియోల్‌లో కన్నుమూసింది. ఆరు వారాలకు, జూన్ 12న, నీలోఫర్ ప్యారిస్‌లో కన్నుమూసింది. ఒకరి గురించి ఒకరు విన్నారో లేదో.

ఆరడుగుల నేల

దుర్రు షెహ్వార్ తండ్రి 1944 ఆగస్టు 23న ప్యారిస్‌లో చనిపోయాడు. జర్మన్ల నుంచి నగరాన్ని విడిపించే పోరు వీధుల్లో సాగుతున్న రోజులవి. ఇస్తాంబుల్‌లో పూడ్చిపెట్టమన్నది ఆయన కోరిక. చట్టం మనుషుల్నే కాదు, శవాన్ని కూడా రానివ్వలేదు. కూతురు టర్కీ పెద్దలను అడిగింది. నిజాం కోడలిగా, బేరార్ రాకుమారి అనే బిరుదుతో వెళ్లి అడిగింది. మర్యాద చేశారు, మట్టి ఇవ్వలేదు.

ఆ శరీరాన్ని ప్యారిస్ మసీదులో ఉంచారు. ఒకటి రెండు నెలలు కాదు, పదేళ్లు. హైదరాబాద్ రాజ్యంలోని ఖుల్దాబాద్‌లో, ఔరంగజేబు సమాధి ఉన్న ఊళ్లోనే, ఆయన కోసం ఒక సమాధి మందిరం కట్టించారు. ఈలోగా 1948 సెప్టెంబరు వచ్చింది, నిజాం రాజ్యమే పోయింది. ఆ మందిరం ఇప్పటికీ ఖాళీగానే ఉంది. చివరికి 1954లో మదీనాలో, ఎవరి పేరూ చెక్కని సమాధుల మధ్య, ఆయనకు చోటు దొరికింది.

అంతకు రెండేళ్ల ముందే, 1952లో, టర్కీ చట్టం కొంచెం సడలింది. ఒట్టోమన్ వంశపు ఆడవాళ్లు రావచ్చు, మగవాళ్లు కూడదు. మగవాళ్లకు అనుమతి రావడానికి ఇంకో ఇరవై రెండేళ్లు పట్టింది. ఆడవాళ్ల వల్ల గణతంత్రానికి ప్రమాదం లేదని ధీమా కాబోలు. జపాన్‌లో ఆడపిల్ల సింహాసనం ఎక్కకూడదు గనక గడప దాటితే పరాయిది. టర్కీలో ఆడపిల్ల సింహాసనం ఎక్కలేదు గనక లోపలికి రానివ్వచ్చు. చట్టాలు ఎదురెదురుగా ఉన్నాయి గానీ లెక్క ఒకటే.

అప్పటికి ఆమె సంసారం విడిపోయింది. లండన్‌లో ఉంటూ హైదరాబాద్ వచ్చి పోయేది. 1967లో మామగారు పోయారు, ఆమె కొడుకు చౌమహల్లా రాజభవనంలో నిజాం గద్దె ఎక్కాడు. అది అప్పటికే పేరుకు మాత్రం గద్దె. నాలుగేళ్లకు రాజభరణాలు రద్దయ్యాయి. వేలమంది నౌకర్లు, వందల కోర్టు కేసులు, లెక్కలేనంత మంది బంధువులు. ముకర్రం జాహ్‌కు ఇంజన్లంటే ఇష్టం, దర్బారంటే విసుగు. అన్నీ వదిలి ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం కొనుక్కుని బుల్డోజర్ నడుపుకున్నాడు. ఇక్కడ మహళ్లలో దుమ్ము పట్టింది, ఉన్నవి మాయమయ్యాయి. మళ్లీ వాటికి ఊపిరి పోసింది ఆయన మాజీ భార్య ఎస్రా. ఆమెదీ టర్కీయే. విడాకులు తీసుకున్న కోడలు తిరిగివచ్చి అత్తింటి పైకప్పు బాగు చేయించడం మన సీరియళ్లలో కూడా చూడం. చౌమహల్లా 2005లో జనానికి తెరుచుకుంది, ఫలక్‌నుమా 2010లో హోటలైంది.

దుర్రు షెహ్వార్ 2006 ఫిబ్రవరి 7న లండన్‌లో చనిపోయింది. తొంభై రెండేళ్లు. టర్కీలో ఆమెకు అడ్డు లేదు, చట్టం మారి అర్ధ శతాబ్దం దాటింది. హైదరాబాద్‌లో నిజాం వంశీకుల సమాధులున్న మక్కా మసీదు ఆవరణ ఉంది. రెండూ కాదనుకుంది. నాన్నకు ఇవ్వని మట్టి నాకూ వద్దని ఆమె అనేవారని చెబుతారు. లండన్ బయట బ్రూక్‌వుడ్ స్మశానంలో 1964లో పోయిన తల్లి సమాధి ఉంది. ఆ పక్కనే తననూ ఉంచమంది.

మా అవ్వ బతికుంటే ఆ మాట విని ఏమనేదో తెలుసు. ‘అమ్మ ఉండే చోటే గదరా పుట్టిల్లు’ అనేది. కానీ నాకు అంత సులువుగా అనిపించదు. అది ప్రేమ ఒక్కటే కాదు. ఎనభై రెండేళ్లు దాచుకున్న రోషం కూడా. తిరుత్తణి ఏనుగు పుట్టింటి వైపు చూస్తుంది. ఈమె కళ్లు ఎప్పుడూ ఆ వైపే ఉన్నా, ఆఖరికి మొహం తిప్పుకుంది. ఆ హక్కు ఆమెకు ఉందని నా అభిప్రాయం.

కొడుకు సంగతి తిరగబడింది. నీస్‌లో పుట్టి, హైదరాబాద్‌లో గద్దెనెక్కి, ఆస్ట్రేలియాలో గొర్రెలు కాసిన ముకర్రం జాహ్ ఆఖరి రోజులు తల్లి పుట్టిన దేశంలో గడిపాడు. 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లోనే పోయాడు. తాతను రానివ్వని ఊళ్లో మనవడు కన్నుమూశాడు. ఆయన మాత్రం హైదరాబాద్‌లోనే పూడ్చమన్నాడు. విమానంలో తెచ్చి చౌమహల్లాలో ఉంచితే పాతబస్తీ జనం బారులు తీరారు. 18న మక్కా మసీదు ఆవరణలో, నిజాం వంశమైన అసఫ్ జాహీల సమాధుల వరుసలో ఖననం చేశారు. అక్కడికి రెండు కిలోమీటర్ల లోపే పురానీ హవేలీ. అక్కడ ఆయన తల్లి పేరున్న పిల్లల ఆస్పత్రి.